ధర దాచి బాపును విందుకు తీసుకెళ్లాలా?

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా బాపు 2003 నుంచి పదకొండేళ్లు దుబాయిలో సెంట్రింగ్ పని చేశాడు. సోనాపూర్ అనే కూలీల క్యాంపులో ఉండేవాడు. మొదట్లో నెలకు 700 దిర్హాముల జీతం. సముద్రంలో పూడ్చి కట్టిన పామ్ జుమేరా దీవి మీద భవనాలు లేచే రోజుల్లో చాలాకాలం అక్కడే పని. అమ్మ ఇక్కడ బీడీలు చుట్టి మమ్మల్ని చదివించింది. ఈ జనవరిలో అమ్మనూ బాపునూ తమ్ముణ్నీ తీసుకుని ఐదు రోజులు దుబాయి వెళ్తున్నాను. అదే పామ్ జుమేరాలో ట్రెసిండ్ స్టూడియో అని పెద్ద పేరున్న రెస్టారెంటు ఉంది. అక్కడి షెఫ్ హిమాంశు సైనీ గురించి తెలిసినప్పటి నుంచి బాపును అక్కడ కూర్చోబెట్టి తినిపించాలని నా కోరిక. నలుగురికి కలిపి లక్ష రూపాయలు దాటుతుంది. తమ్ముడు "ఆ లక్షతో ఇంటి ముందు రేకుల షెడ్డు పడుతుంది" అంటున్నాడు. బాపును మాటవరసకు అడిగితే "దుబాయి తిండి నేను తిననిదా" అన్నాడు. అమ్మ మాంసం, గుడ్డు ముట్టదు. స్పూన్లు, ఫోర్కులంటే ఇద్దరికీ బెరుకు. అందుకే ధర చెప్పకుండా, మామూలు హోటలే అని తీసుకెళ్దామనుకుంటున్నాను. నేను చేస్తున్నది సరైనదేనా? వెళ్తే ఏమేం చూసుకోవాలి?
— ఒక కూతురు, జగిత్యాల జిల్లా

జవాబు:

తీసుకెళ్లండి. అయితే ధర దాచి, మామూలు హోటలని చెప్పి మాత్రం వద్దు. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఆ ఒక్క మాటే. ముందు దాని గురించే మాట్లాడతాను.

దిర్హాముల లెక్క మీకన్నా మీ బాపుకే బాగా తెలుసమ్మా. పదకొండేళ్లు నెలనెలా ఎక్స్ఛేంజ్ కౌంటరు ముందు నిలబడి, ఈ రోజు రేటెంతని అడిగి, చేతి ఖర్చుకు కొంత ఉంచుకుని తక్కినదంతా ఇంటికి పంపిన మనిషి. ఆయన వెళ్లిన కొత్తలో దిర్హాముకు మన రూపాయలు పన్నెండో పదమూడో వచ్చేవి. ఇప్పుడు దానికి దాదాపు రెట్టింపు వస్తున్నాయి. దిర్హాము 1997 నుంచీ డాలరుకు 3.6725 దగ్గర కట్టేసినట్టు ఉంది, దిగజారింది మన రూపాయే. ఇవన్నీ ఆయన పేపరు చదివి నేర్చుకున్నవి కావు, ఒంటి మీద చెమటతో నేర్చుకున్నవి. అలాంటి మనిషికి మామూలు హోటలని చెబితే బిల్లు వచ్చేదాకా కూడా ఆ మాట నిలవదు. కుర్చీ లాగి కూర్చోబెట్టే తీరు, మంచినీళ్లు పోసే తీరు చూడగానే తెలిసిపోతుంది. ఇక అక్కడి నుంచి పళ్లెం మారినప్పుడల్లా ఆయన మనసులో లెక్క నడుస్తూనే ఉంటుంది. ఒక్కొక్కరి భోజనం వెయ్యి దిర్హాములకు పైమాటే. ఆయన తొలి జీతం 700. ఒక పూట తిండికి తన నెల జీతం కన్నా ఎక్కువ అన్న సంగతి ఆయనకు తగలక మానదు. ఆ దెబ్బ తినే బల్ల దగ్గర, నలుగురి ముందు, కూతురు అబద్ధం చెప్పిందన్న బాధతో కలిసి తగలకూడదు. మీ ఇంటి అరుగు మీద, ప్రయాణానికి నెల ముందే తగలనివ్వండి. కోపం వస్తే పడనివ్వండి. ఒకటి రెండు రోజులు ఆలోచించుకోనివ్వండి.

"దుబాయి తిండి నేను తిననిదా" అన్న మాటను మీరు నిరాకరణగా తీసుకున్నారు. నాకు అలా వినిపించలేదు. ఆయన తిన్న దుబాయి తిండి ఎలాంటిదో మీకు తెలుసా? ఎప్పుడైనా అడిగారా? తెల్లవారకముందే క్యాంపు ముందు బస్సు ఎక్కాలి కాబట్టి రాత్రే వండుకుని గిన్నెలో సర్దుకున్న అన్నమూ పప్పూ మధ్యాహ్నం మూత తీసేసరికి వేడికి పులిసిపోయి ఉండేవని గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు చెప్పగా జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో వినని ఇల్లు లేదు. ఇప్పుడు జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ నిబంధన ఉంది. ఆ విరామంలోనే తినాలి, ఆ విరామంలోనే ఏ నీడనో నడుం వాల్చాలి. రాత్రి గదికి చేరాక వంట వంతు తనదైతే పొయ్యి ఖాళీ అయ్యేదాకా కాచుకోవాలి. వంతు కానిరోజు ఖుబ్బూసు అనే అరబ్బు రొట్టె, పెరుగుతో సరిపెట్టుకోవాలి. ఆ ఊళ్లో తిండి అంటే ఆయనకు గుర్తొచ్చేది ఇది. మళ్లీ అక్కడ తినేదేముందని ఆయన అడిగితే అందులో తప్పేముంది?

కాబట్టి మాటవరసకు అడగడం చాలదు. కూర్చుని అడగండి. ఇలా చెప్పవచ్చు: "బాపూ, నువ్వు పని చేసిన పామ్ జుమేరాలో మన దేశపు వంటవాడు ఒకాయన హోటలు నడుపుతున్నాడు. మన వంట వండే హోటళ్లలో ప్రపంచంలో ఇంకెవరికీ రాని గుర్తింపు ముందుగా దానికే వచ్చింది. మనిషికి ఇంత అవుతుంది. ఆ డబ్బు నా దగ్గర ఉంది, అప్పు చేయడం లేదు. నువ్వూ అమ్మా వస్తే నాకు సంతోషం. వద్దంటే మానేద్దాం, నాకేం కోపం లేదు." చివరి మాట మనస్ఫూర్తిగా అనగలిగితేనే అడగండి. ఆయన ఆలోచించుకున్న తర్వాత కూడా వద్దంటే ఇక ఆ ఊసు ఎత్తకండి. అమ్మతో చెప్పించడం, తమ్ముడితో ఒత్తిడి పెట్టించడం వద్దు. ఆయన పడ్డ కష్టానికి బదులుగా మీరు ఒక విందు పెట్టి చేతులు దులుపుకునేలా కనబడితే, కష్టపడ్డ మనిషికి అది నచ్చదు. మీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు. ఆయనకూ తెలియాలి.

ఇప్పుడు ఆ హోటలు సంగతి. మీరు ఇంట్లో వివరించాల్సి వస్తుంది కాబట్టి చెబుతున్నాను. మిషెలిన్ అనేది ఫ్రాన్సు టైర్ల కంపెనీ. కార్లలో తిరిగేవాళ్లకు దారిలో ఎక్కడ ఆగాలో, ఎక్కడ తినాలో చెప్పడానికి 1900లో ఒక చిన్న పుస్తకం వేసింది. 1926 నుంచి మంచి హోటళ్లకు నక్షత్రం ఇవ్వడం మొదలుపెట్టింది. ఒక నక్షత్రం అంటే వంట చాలా బాగుంటుందని, రెండు అంటే దారి మళ్లించుకునైనా వెళ్లవచ్చని, మూడు అంటే ఆ భోజనం కోసమే ప్రయాణం కట్టవచ్చని అర్థం. పరీక్షించేవాళ్లు తామెవరో చెప్పకుండా వచ్చి, తిని, డబ్బు కట్టి వెళ్తారు. నక్షత్రం ఇచ్చేది హోటలుకే, వంటవాడికి కాదు. ఏటేటా మళ్లీ చూస్తారు, తీసేయనూవచ్చు. మన దేశానికి ఆ గైడు ఇంకా రాలేదు. దుబాయికి 2022లో వచ్చింది. ఆ మొదటి ఏడాదే ట్రెసిండ్ స్టూడియోకు ఒక నక్షత్రం, 2023లో రెండోది, 2025లో మూడోది దక్కాయి. భారతీయ వంటల హోటలు ఒకటి మూడు నక్షత్రాలు అందుకోవడం ప్రపంచంలోనే అది మొదటిసారి. సైనీ ఢిల్లీ కుర్రాడు. అక్కడి పెద్ద వంటశాలల్లో పని నేర్చుకుని దుబాయి చేరాడు. ఆయన కూడా బతుకుతెరువు కోసం అదే ఊరికి వెళ్లిన మనిషే, ఈ మాట మీ బాపుతో తప్పకుండా చెప్పండి.

అక్కడ సుమారు ఇరవై మందికే చోటు. మెనూ కార్డు చూసి మీరు కోరుకునేది ఏమీ ఉండదు. వాళ్లు వరుసగా తెచ్చి పెడతారు, పదిహేనుకు అటూ ఇటూగా. ఒక్కొక్కటి ఒకటి రెండు ముద్దలు. ఈమధ్య కాలంలో అక్కడి మెనూ మన దేశాన్ని ప్రాంతాలుగా పంచుకుని సాగుతోంది: థార్ ఎడారి, దక్కన్ పీఠభూమి, తీరప్రాంతం, ఉత్తరాది మైదానాలు, హిమాలయాలు. దక్కన్ పీఠభూమి అంటే మనమే కదా. అంతమాత్రాన సర్వపిండో పచ్చిపులుసో వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. జొన్న, పల్లి, చింతపండు లాంటి తెలిసిన రుచి ఏదైనా తెలియని రూపంలో తగిలితే, దాన్ని ముందుగా పట్టుకునేది మీరు కాదు, మీ అమ్మే అయి ఉంటుంది.

ఆ ఊళ్లో ఇంకెన్నో ఖరీదైన చోట్లు ఉన్నా, మీ బాపు విషయంలో ఈ కోరిక నాకు సబబుగా తోచడానికి ఒక కారణం ఉంది. ఆయన పని తెలిసిన మనిషి. సెంట్రింగ్ చేసేవాడికి చెక్క ఎక్కడ వేలెడు వంగినా స్లాబు ఎలా వస్తుందో ముందే తెలుసు. పైపులు నిలబెట్టి, పలకలు బిగించి, మట్టం చూసి, సందుల్లోంచి సిమెంటు పాలు కారకుండా పూడ్చి, ఇంత చేశాక కాంక్రీటు పోస్తారు. గట్టిపడ్డాక ఆయన పనంతా విప్పి పక్కన పడేస్తారు. చూసేవాళ్లకు స్లాబు కనపడుతుంది, సెంట్రింగ్ కనపడదు. ఇలాంటి వంటశాలలోనూ అంతే. రెండు ముద్దల కోసం కొన్ని గంటలు, కొన్నిటికి రోజుల ముందు నుంచి ఊరబెట్టి, ఆరబెట్టి, వడగట్టి చేసిన పని పళ్లెంలో కనపడదు. ఆయనకు మాత్రం కనపడుతుంది. అందుకే టేబుల్ అడిగేటప్పుడు వంటవాళ్లు పని చేయడం కనిపించే చోటు ఉందా అని అడగండి. సముద్రం కనిపించే చోటు కన్నా ఆయనకు అదే నచ్చుతుందని నా నమ్మకం. నలుగురైదుగురు కుర్రాళ్లు ఒక్క మాట లేకుండా ఒకే వరుసలో వంగి, చిన్న చిమ్టాలతో ఒక్కో ఆకు పెట్టడం చూస్తే, ఇది వెయ్యి దిర్హాములకు ఎందుకో, లేదా ఎందుకు కాదో, మీరు చెప్పకుండానే ఆయనే తేలుస్తారు. ఆయన తీర్పు ఏదైనా ఒప్పుకోండి.

ఒక్క సంగతి. ఉత్తరమంతా బాపు చుట్టే తిరిగింది. అమ్మ మాంసం ముట్టదన్న చోట మాత్రమే మళ్లీ కనిపించింది. పదకొండేళ్లు ఆ ఇల్లు నిలబెట్టింది, వెయ్యి బీడీలకు ఇంత అని లెక్కకట్టించుకుని మీ ఫీజులు కట్టింది ఆవిడ. ఈ విందులో ఆవిడ మీ బాపు పక్కన తోడు కూర్చునే మనిషి మాత్రమే అయితే, నా దృష్టిలో అది సగం విందే. కాబట్టి బుక్ చేసేటప్పుడే స్పష్టంగా రాయండి: ఒకరికి పూర్తి శాకాహారం, గుడ్డు వద్దు, చేపల రసం, మాంసం ఉడికించిన నీళ్లు, జెలటిన్ లాంటివి కూడా వద్దు అని. శాకాహారం అని ఊరికే రాస్తే సాసుల్లో, స్వీట్లలో గుడ్డు రావచ్చు. ఉల్లి, వెల్లుల్లి తినకపోతే అదీ చెప్పండి. రాసి వదిలేయకుండా, మాంసం తినేవాళ్లకు ఎన్ని వస్తాయో ఆవిడకూ అన్నీ వస్తాయా, లేక కొన్ని తీసేసి ఇస్తారా అని అడిగి, జవాబు లిఖితంగా తెప్పించుకోండి.

ఆ జవాబు తృప్తిగా లేకపోతే దుబాయిలోనే అవతార అని ఇంకో రెస్టారెంటు ఉంది. అదే సంస్థ నడిపేది. మొత్తం శాకాహారమే, దానికి 2023లో ఒక నక్షత్రం వచ్చింది. మీ ఇంట్లో మాంసం లేకపోతే భోజనం కాదనే వాళ్లు ఎవరూ లేకపోతే నేనైతే రెండింటినీ అమ్మ ముందు పెట్టి, ఎంచుకునే పని ఆవిడకే అప్పగిస్తాను. పామ్ జుమేరా మీదనే కావాలన్నది మీ మనసులోని కథ. అది మంచి కథే, కానీ ఆకలి ఆవిడది.

మరో మాట, ఇది విందు కన్నా ముఖ్యమైనదేమో కూడా. దుబాయిలో మీ నలుగురిలో దారి తెలిసిన మనిషి ఒక్కరే. ఐదు రోజుల్లో ఒక రోజు పూర్తిగా ఆయన చేతికి ఇవ్వండి, అదీ విందుకు ముందు రోజో ఆ ముందు రోజో. దేరా నుంచి బర్ దుబాయికి దిర్హాము ఇచ్చి అబ్రా పడవ ఎక్కిస్తారో, సత్వాలో 1978 నుంచి ఉన్న రవి రెస్టారెంటుకు తీసుకెళ్తారో, శుక్రవారం సెలవు రోజున తోటివాళ్లతో నిలబడి కరక్ చాయ్ తాగిన కఫ్తేరియా వెతుకుతారో, ఆయన ఇష్టం. సోనాపూర్ చూపిస్తానంటే వెళ్లండి. చూపించనంటే అడగకండి. ఆ రోజు బిల్లులన్నీ ఆయన్నే కట్టనివ్వండి, మీ కార్డు బయటికి తీయవద్దు. తన ఊళ్లో తన పిల్లలకు తినిపించిన తండ్రికి, మరునాడు కూతురు పెట్టే భోజనానికి రావడం బరువుగా ఉండదు.

ఇక ఏర్పాట్లు. జనవరి దుబాయికి మంచి సీజను, అంత చిన్న హోటల్లో చోటు దొరకడం కష్టం. వీసాలు చేతికి వచ్చి తేదీ ఖాయం కాగానే వాళ్ల సొంత వెబ్‌సైటులోనే బుక్ చేయండి. ఇలాంటి చోట్ల ముందే డబ్బు కట్టించుకోవడమో, కార్డు వివరాలు తీసుకుని రాకపోతే మనిషికింత అని కోసుకోవడమో మామూలే. ఎన్ని గంటల ముందు రద్దు చేస్తే తిరిగి ఇస్తారో చదివి, ఆ గడువు ఫోనులో గుర్తు పెట్టుకోండి. ధరలో పన్నూ సర్వీసూ కలిసి ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. బుకింగ్ మీ బాపు పేరు మీద చేయండి. గుమ్మం దగ్గర ఆహ్వానించేవాళ్లు ఆ పేరుతోనే పలకరిస్తారు.

చెప్పిన ధర భోజనానికే. దాంతోపాటు ఒక్కో వంటకానికీ తగిన పానీయం పోసే ఏర్పాటు విడిగా ఉంటుంది. మద్యం ఉన్నదీ లేనిదీ రెండు రకాలు, ఖరీదు తక్కువేం కాదు. అది తీసుకోవాలన్న నియమం లేదు. "నీళ్లు చాలు" అంటే ఎవరూ తక్కువగా చూడరు. నీళ్లకూ సీసాకు ఇంత అని ఉంటుంది, ముందే అడగండి. డబ్బు కట్టేటప్పుడు మెషీను మీద రూపాయల్లోనా దిర్హాముల్లోనా అని అడిగితే దిర్హాములే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్లకు నచ్చిన రేటు కట్టి ఎక్కువ లాగుతారు. మీ బ్యాంకు కార్డు మీద విదేశీ ఖర్చుకు ఎంత శాతం వేస్తుందో కూడా బయలుదేరే ముందే తెలుసుకోండి. లక్ష మీద మూడు శాతమంటే మూడు వేలు.

రెండు విడతల్లో వడ్డిస్తుంటే ముందు విడతే తీసుకోండి. మన గడియారం దుబాయి కన్నా గంటన్నర ముందుంటుంది. అక్కడ రాత్రి తొమ్మిదింటికి కూర్చుంటే మీ అమ్మానాన్నల ఒంటికి అది పదిన్నర. భోజనం రెండున్నర, మూడు గంటలు నడుస్తుంది. ఇంట్లో ఏడున్నరకే తిని పడుకునేవాళ్లు నాలుగో పళ్లేనికే తూగుతారు. ఇద్దరిలో ఎవరికైనా షుగరు ఉంటే బిళ్లలు గానీ ఇన్సులిన్ గానీ ఎప్పుడు వేసుకోవాలో డాక్టరును అడిగి వెళ్లండి. కొంచెం కొంచెంగా వచ్చే తిండి, మధ్యలో విరామాలు, చివర్లో వరుసగా తీపి, ఇవి మందు వేళలను తారుమారు చేస్తాయి. మధ్యాహ్నం తేలిగ్గా తినిపించండి, పస్తు మాత్రం ఉంచవద్దు. చిన్న చిన్న ముద్దలు చూసి కడుపు నిండదని భయపడతారు గానీ, చివరికి వచ్చేసరికి చాలామందికి ఎక్కువే అవుతుంది.

స్పూన్లు, ఫోర్కుల గురించి మీరు పడుతున్న బెంగ అనవసరం. ఇలాంటి చోట బల్ల నిండా పరిచి ఉంచరు. ఒక్కో వంటకానికి కావాల్సినవి అప్పుడు తెచ్చి పెట్టి, తిన్నాక తీసేస్తారు. ఏది వాడాలో తేల్చుకునే పని మనకు ఉండదు. పైగా మన వంటలు, కొన్నిటిని చేత్తోనే తినమని వాళ్లే చెబుతారు. మిగతావి కూడా చేత్తో తింటామంటే వద్దనే హోటలు మంచి హోటలు కాదు. కూర్చోగానే మీరే ఒకసారి చేత్తో తిని చూపించండి, వాళ్లిద్దరికీ ఊపిరి ఆడుతుంది. నచ్చనిది వదిలేయవచ్చని కూడా ముందే చెప్పండి. మన ఇళ్లలో పళ్లెంలో వదిలితే పాపమంటారు కాబట్టి, బలవంతంగా మింగి కూర్చునే ప్రమాదం ఉంది.

బట్టలకూ హైరానా పడవద్దు. బాపుకు ఇస్త్రీ చేసిన చొక్కా, ప్యాంటు, కాలికి బూట్లు చాలు. చెప్పులతో, పొట్టి నిక్కర్లతో మాత్రమే అభ్యంతరం. తమ్ముడికి అది గట్టిగా చెప్పండి. అమ్మ మంచి చీర కడితే ఆ గదిలో ఆవిడకన్నా బాగా తయారై వచ్చినవాళ్లు ఉండరు. జనవరి రాత్రుళ్లు అక్కడ గాలి చల్లగానే ఉంటుంది, లోపల ఏసీ సరేసరి, శాలువా ఒకటి పెట్టుకోండి.

ఇంకో ధైర్యం కూడా ఉంది మీకు. దుబాయిలో పదకొండేళ్లు గడిపిన మనిషికి హిందీ వచ్చే ఉంటుంది. వడ్డించేవాళ్లలో మన దేశంవాళ్లు ఉండే అవకాశం ఎక్కువ. వంటకం తెచ్చి ఇంగ్లిషులో వివరించడం మొదలుపెడితే, "మా అమ్మానాన్నలకు హిందీలో చెబుతారా" అని మీరే అడగండి. ఆ తర్వాత మీరు పక్కకు తప్పుకోండి. ఆయన వాళ్లను ఏ ఊరని, ఎన్నేళ్లయిందని, మళ్లీ ఇంటికి ఎప్పుడని అడుగుతారు. గల్ఫ్‌లో ఉండి వచ్చినవాళ్లు అడగకుండా ఉండలేని ప్రశ్నలివి. ఆ మాటలకు అడ్డుపడి "బాపూ, ముందు తిను" అనకండి. ఫొటోలు తీసుకోండి, కానీ ఫోర్కు పట్టుకుని తడబడే ఫొటో తీయకండి, ఏ ఫొటో అయినా ఆయన్ను అడగకుండా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. లక్ష రూపాయల భోజనమని ఊళ్లో పాకితే, మీరు హైదరాబాద్ వెళ్లిపోయాక ఆ మాటలు పడేది ఆయనా అమ్మా.

తమ్ముడి మాట కొట్టిపారేయకండి. ఇంటి ముందు షెడ్డు లేక వానకు ఇబ్బంది పడుతున్నది ఆ ఇంట్లో ఉండేవాళ్లు. వడ్డీకి తెచ్చిన అప్పు ఏదైనా ఇంకా మిగిలి ఉన్నా, ఈ భోజనాన్ని క్రెడిట్ కార్డు మీద పెట్టి వాయిదాల్లో కడదామని మీ ఆలోచన అయినా, నా జవాబు మారుతుంది: అప్పుడు వద్దు. అప్పు చేసి తినే విందు మీ బాపు గొంతు దిగదు. ఆయన వీసా కోసం చేసిన అప్పు తీర్చడానికే మొదటి రెండేళ్లో మూడేళ్లో పోయి ఉంటాయి, మీ ఇంట్లో అడిగి చూడండి. డబ్బు చేతిలో ఉండి, షెడ్డు కూడా వేయించగలిగితే, ముందు షెడ్డుకు అడ్వాన్సు ఇచ్చి తమ్ముడి నోరు తీపి చేయండి. రెండూ కుదరకపోతే అదే సంస్థకు ట్రెసిండ్ అనే ఇంకో హోటలు ఉంది, అక్కడ కోరుకున్నది తెప్పించుకుని తినవచ్చు, ఖర్చు మీ చేతిలో ఉంటుంది. పాత పద్ధతి కిచిడీని రాష్ట్రానికొక దినుసు చొప్పున బల్ల దగ్గరే కలిపి పెట్టి సైనీ మొదట పేరు తెచ్చుకున్నది ఆ హోటల్లోనే. అది చిన్నతనం కాదు. మూడు నక్షత్రాల చోటుకు తర్వాతెప్పుడైనా వెళ్లవచ్చు.

చివరగా, అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని. మీ బాపు 2014లో తిరిగి వచ్చేటప్పుడు కంపెనీలో లెక్క తీర్చుకుని, వీసా రద్దు చేయించుకుని సక్రమంగా వచ్చారా అని నెమ్మదిగా అడగండి. మన జిల్లాల నుంచి వెళ్లినవాళ్లలో జీతాలు రాక కంపెనీ వదిలి బయట పని చేసి, ఆమ్నెస్టీ (కాగితాలు లేనివాళ్లకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే క్షమాభిక్ష) పెట్టినప్పుడు ఇంటికి చేరినవాళ్లు ఎంతోమంది ఉన్నారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ పాత కేసు ఏదైనా రికార్డులో మిగిలి ఉంటే విమానాశ్రయంలో ఆపేసే ప్రమాదం ఉంది. పాత పాస్‌పోర్టు, లేబర్ కార్డు కాపీలు దొరికితే తీసి పెట్టుకోండి. వీసాకు దరఖాస్తు ఇప్పుడే చేయండి, నలుగురి వీసాలూ చేతికి వచ్చాకే రెస్టారెంటుకు డబ్బు కట్టండి. టికెట్లు కూడా అప్పుడే.